వేలూరు జైలులో మూడేళ్ళున్న మన గాడిచర్ల

ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న మనిషి మొలతాడుకు లంగోటీ కట్టుకుని, చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళతో, మెడలో కొయ్య పలకతో, బందిపోటు దొంగల నడుమ మూడు సంవత్సరాలు గడిపారంటే ఈనాటి పిల్లలకు నమ్మశక్యం కాదు. ఆయన చేసిన నేరం దొంగతనం కాదు, దొమ్మీ కాదు. పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆ మనిషి మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. ఆంధ్రుల్లో తొలి రాజకీయ ఖైదీగా చరిత్రకెక్కినవారు ఆయనే.

గాడిచర్ల వారి పేరు జిల్లాలో చాలామందికి తెలుసు. గ్రంథాలయోద్యమంతోపాటు ఆ పేరు చెప్పుకుంటారు. వయోజన విద్య గురించి మాట్లాడేటప్పుడు తలుచుకుంటారు. అయితే ఆయన శిక్ష ఎక్కడ అనుభవించారు, ఎలా అనుభవించారు, బయటికి వచ్చిన తర్వాత లోకం ఆయనను ఎలా చూసింది అన్నది ఊళ్ళలో అంతగా తెలియదు. జైలు అనే మాట కొత్త కాని మన పల్లెలకు ఈ సంగతి తెలియవలసి ఉంది.

పుట్టుక, చదువు

హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. తండ్రి వెంకటరావు, తల్లి భాగీరథీబాయి. పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. కలిగిన కుటుంబం కాదు. చదువు కర్నూలు, గుత్తి, నంద్యాలలో సాగింది. ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి 1906లో ఎం.ఏ. పూర్తి చేశారు.

ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ పాసయినవాడే ఊరికి పెద్ద. బి.ఏ. చదివినవాడు తాలూకాకు ఒకడు దొరకడం కష్టం. ఎం.ఏ. అంటే సర్కారు కొలువు చేతిలో ఉన్నట్లే లెక్క. కోరుకుంటే పెద్ద ఉద్యోగం, గుర్రపు బండి, బంట్రోతులు అన్నీ ఆయన గుమ్మంలోకి వచ్చి ఉండేవి. పేద ఇంటి పిల్లవాడు అంత చదివితే ఇంటిల్లిపాది కళ్ళూ ఆ కొలువు మీదనే ఉంటాయి. అలాంటి కొలువుకు దారి ఏడాది తిరగకముందే మూసుకుపోయింది.

రాజమండ్రిలో మొదటి దెబ్బ

ఎం.ఏ. తర్వాత ఉపాధ్యాయ శిక్షణ కోసం ఆయన రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో చేరారు. అప్పటికి వంగ దేశాన్ని రెండుగా చీల్చినందుకు దేశమంతా అట్టుడుకుతున్నది. విదేశీ బట్టలు వదలండి, స్వదేశీ వస్తువులు కొనండి అనే పిలుపు వంగ దేశం దాటి తెలుగు నాటికి కూడా వచ్చింది. 1907 ఏప్రిల్‌లో వంగ నాయకుడు బిపిన్ చంద్రపాల్ కోస్తా జిల్లాల్లో పర్యటిస్తూ రాజమండ్రిలో సభలు జరిపారు. ఆయన ఇంగ్లీషు ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో వినిపించారు. గోదావరి ఒడ్డున వేలాది జనం కూడారు.

ఆ సభలు ముగిసినా కుర్రవాళ్ళలో వేడి చల్లారలేదు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు తగిలించుకుని తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దొరకు అది గిట్టలేదు. బిళ్ళలు తీయమంటే విద్యార్థులు తీయలేదు. అందరికీ ముందు నిలబడినవారు గాడిచర్ల. ఆయనను కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. అంతటితో ఆగక, ప్రభుత్వోద్యోగానికి ఇక పనికిరారని నిషేధం కూడా పెట్టారు. ఇరవై నాలుగేళ్ళు నిండకుండానే సర్కారు తలుపు ఆయనకు మూసుకుపోయింది.

బెజవాడలో పత్రిక

కొలువు పోయినందుకు గాడిచర్ల వారు ఇంటికి తిరిగిరాలేదు. బెజవాడ చేరారు. బోడి నారాయణరావు గారి తోడ్పాటుతో 1908లో స్వరాజ్య అనే తెలుగు వారపత్రిక ప్రారంభించారు. పేరు చూస్తేనే ప్రభుత్వానికి కంటగింపు. అప్పటికి స్వరాజ్యం అనే మాటను ఊళ్ళలో పైకి అనడానికే జంకేవారు.

ఆ ఏడాది మార్చిలో తమిళ దేశంలోని తిరునల్వేలిలో పెద్ద గొడవ జరిగింది. తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి తెల్లవారి ఓడలతో పోటీకి దిగిన వి.ఓ.చిదంబరం పిళ్ళెను, ఆయన సహచరుడు సుబ్రహ్మణ్య శివను మార్చి 12న నిర్బంధించారు. మరునాడు జనం తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. ఈ కాల్పులపై గాడిచర్ల వారు విపరీత బుద్ధి అనే శీర్షికతో తమ పత్రికలో ఘాటుగా రాశారు. దొరల ప్రభుత్వం అది చదివించుకుని మండిపడింది. ఆయన మీద, నారాయణరావు గారి మీద రాజద్రోహం కేసు పెట్టారు. గాడిచర్ల వారికి మూడేళ్ళ కఠిన శిక్ష పడింది.

ఒకే సెక్షన్, మూడు జైళ్ళు

ఆ కేసు ఇండియన్ పీనల్ కోడ్ 124-ఎ సెక్షన్ కింద నడిచింది. ఆ సెక్షన్‌లో రెండు రకాల శిక్షలు ఉండేవి. ఒకటి ద్వీపాంతరవాసం. అది యావజ్జీవం దాకా ఉండవచ్చు. రెండవది జైలు. అది మూడేళ్ళకు మించకూడదు. అంటే గాడిచర్ల వారికి పడిన మూడేళ్ళు జైలు శిక్షలో ఆ సెక్షన్ కింద వేయగలిగిన పూర్తి శిక్ష. న్యాయస్థానం అందులో ఒక్క రోజు కూడా తగ్గించలేదు.

అదే 1908లో అదే సెక్షన్ కింద దేశంలో మరికొందరికి కూడా శిక్షలు పడ్డాయి. బాలగంగాధర తిలక్‌కు జూలైలో ఆరేళ్ళ ద్వీపాంతరం విధించి బర్మాలోని మాండలే జైలుకు పంపారు. చిదంబరం పిళ్ళెకు మొదట యావజ్జీవ ద్వీపాంతరం వేసి పై కోర్టులో తగ్గించారు. ఆయన కోయంబత్తూరు, కన్ననూరు జైళ్ళలో ఉన్నారు. కోయంబత్తూరులో ఆయనను ఎద్దు బదులు నూనె గానుగకు కట్టి తిప్పించారు. తిలక్ గారికి మాత్రం మాండలేలో చదువుకోవడానికి పుస్తకాలు, రాసుకోవడానికి కాగితాలు దొరికాయి. గీతారహస్యం అక్కడే రాశారు.

నేరం ఒకటే అయినా శిక్ష అనుభవించిన చోటును బట్టి ఒక్కొక్కరి బతుకు ఒక్కొక్క తీరుగా గడిచింది. కోర్టు కాగితం మీద ఎన్ని ఏళ్ళు అని మాత్రమే ఉంటుంది. ఆ ఏళ్ళు ఎలా గడుస్తాయన్నది పంపిన జైలును బట్టి, అక్కడి సూపరింటెండెంటును బట్టి ఉంటుంది. గాడిచర్ల వారిని పంపినది రాయవేలూరు సెంట్రల్ జైలుకు.

వేలూరు జైలు

వేలూరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. ఆనాడు అది ఉత్తరార్కాటు జిల్లా. చిత్తూరు ప్రాంతం కూడా 1911 దాకా ఆ జిల్లాలోదే. మద్రాసు రాజధానిలో దీర్ఘకాలం శిక్ష పడినవారిని వేలూరు, రాజమండ్రి, కోయంబత్తూరు, తిరుచినాపల్లి, కన్ననూరు వంటి పెద్ద జైళ్ళకు పంపేవారు. కొద్ది రోజుల శిక్షలకు, కేసు తేలనివారికి తాలూకా కేంద్రాల్లోని సబ్‌జైళ్ళు ఉండేవి. సబ్‌జైలులో ఉన్నవాడికి ఇంటివాళ్ళు వచ్చి కనబడే వీలుంటుంది. పెద్ద జైలుకు పోయినవాడు ఊరికి దూరమవుతాడు. కర్నూలు నుంచి వేలూరు పోవడం ఆ కాలంలో చిన్న ప్రయాణం కాదు.

కఠిన శిక్ష అంటే పని చేయించే శిక్ష. సాదా శిక్ష పడినవాడిని పనికి బలవంతపెట్టరాదు. కఠిన శిక్ష పడినవాడు జైలు అధికారి చెప్పిన పని చేయాలి. గానుగలు తిప్పడం, రాళ్ళు కొట్టడం, మగ్గం నేయడం, తిరగళ్ళు విసరడం ఆనాటి జైళ్ళలో మామూలు పనులు. తిండి కొలత ప్రకారం పెట్టేవారు. పాత ఖైదీల్లోంచి కొందరిని ఏరి తోటి ఖైదీల మీదనే కాపలా పెట్టే పద్ధతి కూడా ఉండేది. 1894 నాటి జైళ్ళ చట్టం అందుకు వీలు కల్పించింది. హత్య చేసి వచ్చినవాడు కాపలావాడయితే, వ్యాసం రాసి వచ్చినవాడు అతని మాట వినాలి.

వేలూరులో గాడిచర్ల వారికి ఇచ్చినది ఒక మొలతాడు, ఒక లంగోటీ, నెత్తికి టోపీ, ఒక చిన్న చెంబు, ఒక ముంత. చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళు వేశారు. మెడకు కొయ్య పలక తగిలించారు. ఆ కాలపు జైళ్ళలో ఖైదీ నెంబరు, ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, ఎప్పుడు పడింది, ఎప్పుడు విడుదల అనే వివరాలు ఆ పలక మీద ఉండేవి. సంతలో పశువును కొనేవాడు మెడలో ముద్ర చూసినట్లు, తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ ఆ పలక చూసి మనిషిని గుర్తుపట్టేవాడు. పడక కటిక నేల మీద. వేలూరు ఎండలు ఎంతటివో ఆ దిక్కుకు పోయివచ్చినవారికి తెలుసు. ఆ వడగాడ్పుల్లో మూడు వేసవులు గడిచాయి.

ఆయన పక్కన పడుకున్నవారు దోపిడీలు, బందిపోట్లు చేసి వచ్చినవారు. విడిగా గది లేదు, వేరే తిండి లేదు. జైలుకు వెళ్ళక ముందే ఆయన అబ్రహాం లింకన్ జీవిత చరిత్రను తెలుగులో రాశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి దానిని ప్రచురించింది. బానిసల సంకెళ్ళు విప్పించిన లింకన్ గురించి తెలుగువారికి చెప్పిన మనిషి కాళ్ళకు ఏడాది రెండేళ్ళు తిరిగేసరికి సంకెళ్ళు పడ్డాయి.

రాజకీయ ఖైదీ అనే తరగతి లేని రోజులు

ఇలా ఎందుకు జరిగిందంటే, ఆనాటి జైలు పుస్తకాల్లో రాజకీయ ఖైదీ అనే లెక్క వేరుగా లేదు. శిక్ష పడిన వాడెవడయినా ఖైదీయే. దేశం కోసం రాసినవాడికీ దారి కాచి కొట్టినవాడికీ ఒకటే చెంబు, ఒకటే ముంత. గాడిచర్ల వారిని ఆంధ్రుల్లో తొలి రాజకీయ ఖైదీ అంటున్నది తర్వాతి వాళ్ళు. వేలూరు జైలు రికార్డులో ఆయన ఒక నెంబరు.

పదమూడేళ్ళు గడిచేసరికి అదే జైలులో కొంత మార్పు వచ్చింది. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో శిక్ష పడిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు వేలూరు జైలులోనే ఉంటూ మాలపల్లి నవల రాశారు. అది 1922లో అచ్చయింది. ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధం మాట అలా ఉంచితే, ఖైదీ చేతికి కాగితం, కలం అందాయన్నది గమనించవలసిన సంగతి. సహాయ నిరాకరణోద్యమంలో వకీళ్ళు, డాక్టర్లు, భూస్వాములు వందల సంఖ్యలో జైళ్ళకు రావడంతో అధికారులకు పద్ధతి మార్చక తప్పలేదు.

అయినా పూర్తి మార్పు రాలేదు. 1929లో లాహోరు జైలులో ఖైదీలను మనుషుల్లా చూడాలని కోరుతూ జతీంద్రనాథ్ దాస్ 63 రోజులు నిరాహార దీక్ష చేసి సెప్టెంబరు 13న ప్రాణం విడిచారు. దేశం అట్టుడికింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి అని మూడు తరగతులుగా విడదీసింది. చదువు, హోదా, ఇంటి దగ్గర బతికిన తీరు చూసి తరగతి ఇచ్చేవారు. చదువుకున్నవారికి, కలిగినవారికి పై తరగతులు దొరికాయి. సత్యాగ్రహం చేసి వచ్చిన పేద రైతుకు, కూలివాడికి మాత్రం సి తరగతే మిగిలింది. గాడిచర్ల వారు అనుభవించిన కష్టం చదువుకున్నవారికి తప్పినా పల్లెటూరి మనిషికి తప్పలేదు.

విడుదలయ్యాక మూసుకున్న తలుపులు

మూడేళ్ళ శిక్ష ముగిసి గాడిచర్ల వారు బయటికి వచ్చారు. సంకెళ్ళు విప్పారు, పలక తీశారు. అయితే ఉండడానికి ఇల్లు దొరకలేదు. రాజద్రోహి అని ముద్రపడిన మనిషికి ఇల్లు అద్దెకిస్తే పోలీసులు తమ గుమ్మం ముందుకు వస్తారని ఇంటి యజమానులు భయపడ్డారు. సన్నిహితులు కూడా సాయం చేయడానికి ముందుకు రాలేదు. ఒకప్పుడు ఆయన చదువు చూసి మెచ్చుకున్నవారే చూసీ చూడనట్లు తప్పుకున్నారు. ప్రభుత్వోద్యోగం ఎలాగూ లేదు. పత్రిక లేదు. చేతిలో డబ్బు లేదు.

న్యాయస్థానం వేసిన శిక్షకు గడువు ఉంది. లోకం వేసిన ఈ శిక్షకు గడువు లేదు. ఏ తీర్పులోనూ రాయని శిక్ష ఇది.

ఆ సమయంలో తలుపు తెరిచినవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. మద్రాసులో విజ్ఞాన చంద్రికా మండలి పనిలో గాడిచర్ల వారిని చేర్చుకున్నారు. లక్ష్మణరావు గారు పెద్ద పండితుడు, చరిత్ర పరిశోధకుడు. తెలుగువారికి చరిత్ర, శాస్త్రం పుస్తకాలు అందాలని మండలిని నడుపుతున్నారు. శిక్ష అనుభవించి వచ్చినవాడిని దగ్గరకు తీస్తే ప్రభుత్వం కన్ను మండలి మీద పడుతుందని ఆయనకు తెలియకపోదు. తెలిసే చేర్చుకున్నారు. ఆ ఒక్క మనిషి ఇచ్చిన పని వల్లనే గాడిచర్ల వారు మళ్ళీ నిలదొక్కుకున్నారు. అది దొరకకపోతే ఈ రోజు చెప్పుకోవడానికి ఆయన పేరు మిగిలేదో లేదో.

పుస్తకం చేతబట్టి ఊళ్ళకు

ఆ తర్వాత ఆయన జీవితం దాదాపు 50 ఏళ్ళు సాగింది. పత్రికల్లో పనిచేశారు. అనిబిసెంటు హోమ్‌రూల్ ఉద్యమం నడిపినప్పుడు తెలుగు జిల్లాల్లో దానికి అండగా నిలిచారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పాటుపడ్డారు. 1927లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. తనను వేలూరుకు పంపిన ప్రభుత్వాన్ని సభలో నిలబడి ప్రశ్నించే అధికారం మన జిల్లా ఓటర్లు ఆయనకు ఇచ్చారు. 1928లో నంద్యాలలో దత్తమండలాల సభ జరిగి ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు స్థిరపడినప్పుడు కూడా ఆయన ముఖ్యుల్లో ఒకరు.

అయితే ఆయన మనసు ఎక్కువగా నిలిచింది గ్రంథాలయాల మీద, చదువురాని పెద్దల మీద. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో బెజవాడలో ఏర్పడింది. గాడిచర్ల వారు ఆ సంఘానికి చాలా ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు. ఊరికొక గ్రంథాలయం ఉండాలని, చదువు వచ్చినవాడు రానివాడికి పత్రిక చదివి వినిపించాలని ఊరూరా తిరిగి చెప్పారు. రాత్రిపూట పెద్దలకు అక్షరాలు నేర్పే బడులు పెట్టించారు. గ్రంథాలయాలు నడిపేవారికి, పెద్దలకు చదువు చెప్పేవారికి శిక్షణ ఇప్పించారు. తెలుగు నాట వయోజన విద్యకు ఆయనను ఆద్యుడిగా చెబుతారు.

మెడలో పలక మీద ఏమి రాశారో చదువుకోలేని మనుషుల మధ్య మూడేళ్ళు బతికినవాడు, తర్వాత జన్మంతా అక్షరం రానివారి కోసం పనిచేయడం గమనించదగినది. కోర్టు సమను వస్తే చదివించుకోవడానికి ఇంకొకరి ఇంటికి పోవలసిన రైతు, వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియక భూమి పోగొట్టుకున్న రైతు ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. కేసులో ఇరుక్కుని శిక్షదాకా పోయేవారిలో అలాంటివారే ఎక్కువ.

హరిసర్వోత్తమరావు గారు 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆ సంవత్సరంలోనే అమలులోకి వచ్చింది. మన పంచాయతీలకు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఆ చట్టం కింద వసూలయ్యేదే. ఊరూరా గ్రంథాలయం అని ఆయనా, అయ్యంకి వారూ తిరిగి అడిగిన దానికి దక్కిన ఫలం అది.

చట్టంలో వచ్చిన మార్పులు

ఆయనను జైలుకు పంపిన 124-ఎ సెక్షన్ స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా కాలం కొనసాగింది. 2022 మే 11న సుప్రీంకోర్టు దాని కింద చర్యలను నిలిపివేసింది. 2024 జూలై 1న పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహం అనే పేరు లేదు. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే చర్యలపై 152వ సెక్షన్ ఉంది.

సంకెళ్ళ విషయంలో 1978లోనూ, 1980లోనూ సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చింది. ఖైదీకి ఇష్టం వచ్చినట్లు కాళ్ళకు ఇనుప కడ్డీలు, చేతులకు బేడీలు వేయరాదని, అవసరం ఉంటే కారణం రాయాలని చెప్పింది. 2024 అక్టోబరు 3న మరో తీర్పు వచ్చింది. జైలులో కులాన్ని బట్టి ఒకరికి వంట, ఒకరికి పాకీ పని అని పంచే నియమాలు చెల్లవని కొట్టివేసింది. గాడిచర్ల వారు వేలూరు నుంచి బయటికి వచ్చిన నూరేళ్ళ తర్వాత కూడా అలాంటి నియమాలు పుస్తకాల్లో మిగిలి ఉన్నాయన్నమాట.

కోవెలకుంట్ల కేసు

ఖైదీ ప్రాణానికి విలువ ఎంత అనే ప్రశ్న మన ప్రాంతం నుంచే సుప్రీంకోర్టు దాకా పోయింది. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన కోవెలకుంట్లలోనే సబ్‌జైలు ఉండేది. అప్పట్లో అది కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. 1977 మే నెలలో ఒక రాత్రి ఆ సబ్‌జైలులోకి దుండగులు చొరబడి బాంబులు వేశారు. లోపల రిమాండులో ఉన్న ఒక మనిషి చనిపోయాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా తగిన కాపలా పెట్టలేదని కుటుంబం నష్టపరిహారానికి దావా వేసింది. జైలు నడపడం ప్రభుత్వ అధికార విధి కాబట్టి తమకు బాధ్యత లేదని సర్కారు వాదించింది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. జైలులో పెట్టినంత మాత్రాన మనిషికి బతికే హక్కు పోదని, లోపల ఉన్నవాడి ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అని తీర్పు చెప్పింది. దేశమంతటా ఖైదీల కేసుల్లో ఈ తీర్పును చూపుతారు.

1908లో వేలూరు జైలులో ఉన్న కర్నూలు మనిషికి ఆ మాట చెప్పే న్యాయస్థానం లేదు.

ఊరు చేయవలసినది

మన పల్లెల్లో జైలు సంగతి తెలియని ఇళ్ళు కొన్ని ఊళ్ళలో తక్కువే. గట్టు తగాదాలు, కక్షలు, తాగిన మత్తులో కొట్లాటలు ఎందరినో కోర్టు మెట్లెక్కించాయి. పెద్ద శిక్ష పడినవారు కడప సెంట్రల్ జైలుకు పోతారు. ములాఖత్‌కు తల్లులు, భార్యలు తెల్లవారుజామున సద్ది కట్టుకుని బస్సెక్కుతారు. శిక్ష ముగిశాక మనిషి ఊరికి వస్తాడు. అప్పుడు మొదలయ్యే కష్టం వేరు. గుత్తకు పొలం ఇచ్చేవాడు ఉండడు. కూలికి పిలిచేవాడు ఉండడు. పిల్లకు సంబంధం కుదరదు. పాత కక్షదారులు మాత్రం మరిచిపోరు. పని దొరకని మనిషి మళ్ళీ పాత గుంపులోకే పోతాడు. ఆ తర్వాత రెండవ కేసు.

గాడిచర్ల వారు చేసినది నేరం కాదని ఇవాళ అందరికీ తెలుసు. కత్తి పట్టినవాడిని ఆయనతో పోల్చడం తగదు. అయితే ఆయన బయటికి వచ్చిన రోజున లోకం ఆయనను కూడా ఖైదీగానే చూసింది. ఇల్లు ఇవ్వనివారు ఆయన ఏ నేరం చేశారని అడగలేదు, జైలు నుంచి వచ్చాడన్న ఒక్క మాట చాలనుకున్నారు. ఎం.ఏ. చదివినవాడికే అలా జరిగితే, అక్షరం రానివాడి గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

శిక్ష అనుభవించి వచ్చినవాడు బాకీ తీర్చి వచ్చినవాడితో సమానం. అతనికి ఒక ఎకరా గుత్తకు ఇచ్చినా, పది రోజులు కూలికి పిలిచినా, సహకార సంఘంలో అప్పు పుట్టించినా ఊరికి నష్టం లేదు. ఒక కక్ష తగ్గుతుంది. అంతటి పేరు లేని మనిషికి కూడా లక్ష్మణరావు గారి వంటి వారు ఊరికి ఒక్కరు ఉంటే చాలు.

పంచాయతీ గ్రంథాలయం తాళం వేసి ఉన్న ఊళ్ళు ఉన్నాయి. సెస్సు కట్టేది ఊరివాళ్ళు కాబట్టి తాళం తీయమని అడిగే హక్కు కూడా ఊరివాళ్ళదే. సాయంత్రం పూట నలుగురు కూర్చుని పేపరు చదివి వినిపించుకునే చోటు ఉంటే, రచ్చకట్ట మీద పుట్టే తగాదాలు కొన్ని అక్కడే సమసిపోతాయి. సెప్టెంబరు 14న గాడిచర్ల వారి జయంతి. ఆ రోజుకల్లా తాళం తీయించి, ఊడ్పించి, దినపత్రిక వేయించగలిగితే అది ఆయనకు తగిన గౌరవం.